నడి ఏట్లో ఆపిన మోటారు

మోటారు తడబడిన సంగతి సరంగుకి చెవుల కంటే ముందు అరికాళ్లకు తెలిసింది. చూపు పోయినప్పటి నుంచీ చెప్పులు విప్పి, బోటు అడుగుచెక్క మీద పాదాలు ఆనించి కూర్చోవడం ఆయనకు అలవాటు. రెండు సిలిండర్లూ సరిగ్గా పలుకుతున్నంతసేపూ ఆ చెక్కలో ఒకే సన్నటి వణుకు ఉంటుంది, కాసేపటికి అది ఉన్నట్టే గుర్తుండదు. ఇప్పుడా వణుకు ముక్కలైంది. ఒక దెబ్బ, ఒక ఖాళీ, మళ్లీ ఒక దెబ్బ, ఒక ఖాళీ. కింది సిలిండరు అయ్యుంటుంది, అనుకున్నాడు. పైదాన్లో ఉన్నది కోడలు ఎంచిన స్పార్కు ప్లగ్గు, కిందిదాన్లో ఉన్నది తను ఎంచిన ప్లగ్గు. ఆ ముచ్చట బోటులో ఉన్న మిగతావాళ్లెవరికీ తెలియదు. కోడలికి ఈపాటికి తెలిసే ఉంటుంది. కుట్టుమిషను మీద దారం తెగబోయే ముందు సూది చప్పుడు మారుతుందని తనకు చెప్పిన మనిషి, ఈ చప్పుడు వినకుండా ఎలా ఉంటుంది? వింటోంది. విని, ఇంకా ఏమీ అనకుండా, వెనకాల మోటారు పిడి పట్టుకుని కూర్చుంది. ఏమీ అనకపోవడమంటే లోపల లెక్క నడుస్తోందని అర్థం. తన ఇంట్లో అన్నం ఉడికే చప్పుడు, కొడుకు దగ్గు, మనవరాలు పరిగెత్తే అడుగులు, ఇవన్నీ ఎలా తెలుసో కోడలి మౌనాల్లో రకాలు కూడా ఆయనకు అలాగే తెలుసు.

కుడి చెవి వైపు మొగ ఉంది. ఏరు వెళ్లి సముద్రంలో కలిసే ఆ చోట ఇసుక మేట మీద అలలు విరుగుతుంటే దూరం నుంచి ఒకే హోరులా వినిపిస్తుంది. పాటు మొదలై చాలాసేపయింది, ఏరంతా సముద్రంలోకి ఖాళీ అయిపోతోంది, మామూలుగా అయితే ఈ సమయంలో ఎవరూ ఏరు దాటరు, నీళ్లు నిలకడ అయ్యేదాకా ఒడ్డునే కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. కానీ ఎదుటి లంకలో ఒకమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి, తొలికాన్పు, బిడ్డ అడ్డం తిరిగిందని కబురు. నర్సమ్మ సంచీ పట్టుకుని నేరుగా వాళ్లింటికే వచ్చింది. అప్పుడు కోడలు మిషను మీద ఎవరిదో చొక్కా కుడుతోంది. పాదం తీసి, కత్తెర గుడ్డ మీద పెట్టి, "పదండి మామయ్యా" అంది, అంతే. చెప్పులు వేసుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు. ఒడ్డుకి వచ్చేసరికి తాపీమేస్త్రి సిమెంటు బస్తాలు అప్పటికే బోటులోకి ఎక్కించి, వాటి మీదే కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. బట్టలమూట ఆవిడ కూడా ఎక్కింది. దింపే సమయం ఎక్కడిది? బోటు అలాగే కదిలింది. ఇప్పుడు ఆ బస్తాల బరువంతా ఒక్క సిలిండరు మీద పడింది. ముందుకు పోతున్నట్టే ఉంటుంది, మోటారు అరుస్తూనే ఉంటుంది, కానీ చెంపకు తగిలే గాలి చెబుతోంది, బోటు లంక వైపు పోవట్లేదు. పక్కకు జరుగుతోంది, కొంచెం కొంచెంగా కుడికి జారుతోంది.

పందెం గుర్తొచ్చి నవ్వొచ్చింది ఆయనకు. ఇలాంటప్పుడు నవ్వొచ్చిందేమిటని ఆశ్చర్యం కూడా వేసింది. ప్లగ్గుల దుకాణంలో మొదలైంది ఆ రగడ. చేపల వేటకు పోయే రోజుల నుంచీ ఆయన ఒకే నంబరు ప్లగ్గు వాడాడు, చల్లగా ఉండే రకం. నడి సముద్రం దాకా మోటారుని పూర్తిగా విప్పి పరిగెత్తించేవాడు కాబట్టి ఆ వేడికి తట్టుకునే ప్లగ్గు కావాలి, లేకపోతే కొస కరిగిపోతుంది. దుకాణంవాడికి ఆయన ముఖం చూస్తేనే ఆ నంబరు గుర్తొస్తుంది. ఆ రోజు వాడు డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు కూడా. కోడలు మాత్రం, "దీనికంటే ఒక మెట్టు వేడిది ఉందా అన్నా, చూపించు" అంది. బయటికొచ్చాక ఆయన ఊరుకోలేదు. "ఎందుకమ్మా కొత్త ప్రయోగాలు, నా వయసంతా ఇవే వాడాను" అన్నాడు. "మీరు వాడింది సముద్రం మీద మామయ్యా. అప్పుడు మీరు పరిగెత్తారు. ఇప్పుడు మనం నడుస్తున్నాం. మనిషి ఎక్కేదాకా ఆగి, దిగేదాకా ఆగి, బస్తా దింపేదాకా ఆగి. ఇంత నిదానంగా పోతుంటే ఆ చల్లటి ప్లగ్గు మీద నూనె కాలట్లేదు, మసి పేరుకుంటోంది. వేడిదైతే దాన్నది కాల్చుకుంటుంది." మాటల్లో నెగ్గలేనప్పుడు మనిషి చేసే పనే ఆయన చేశాడు, "సరే పందెం" అన్నాడు. పైన ఆమెది, కింద తనది, ఏది ముందు మొరాయిస్తే వాళ్లు ఓడినట్టు. రెండు రకాలు కలిపి బిగించడం ఏ మెకానిక్కూ మెచ్చడని ఇద్దరికీ తెలుసు, తెలిసే బిగించారు. ఆ రాత్రి భోజనాల దగ్గర కొడుకు విని, "మన ఇంట్లో ఎన్నికలు మోటారు లోపల జరుగుతున్నాయి" అని నవ్వాడు. కొడుకు మంచివాడు, బస్సు డిపోలో పని, మోకాలి లోతు నీళ్లలో నిలబెడితే కళ్లు తిరిగి కూర్చుండిపోతాడు. సరంగు కొడుక్కి నీళ్లంటే కడుపులో తిప్పడం ఒడ్డు మీద చాలాకాలం నడిచిన హాస్యం. ఇప్పుడెవరూ అనరు. టైలరు ఇంటి నుంచి వచ్చిన పిల్ల బోటు నడుపుతుంటే పాత హాస్యాలు వాటంతటవే చప్పబడిపోయాయి.

మోటారు ఆగింది.

ఒక్కసారిగా నీళ్ల చప్పుడు అన్ని వైపుల నుంచీ బోటులోకి వచ్చినట్టయింది. దాని వెనకే మొగ హోరు, ఇందాకటి కంటే లావుగా. "ఏమైంది, ఎందుకాగింది?" అన్నాడు మేస్త్రి, బస్తాల మీద నుంచి లేచిన కుదుపు తెలిసింది. "ఆగలేదు. నేనే ఆపాను" అంది కోడలు. ఎంత మామూలుగా అంది. గుమ్మం దగ్గర ఎవరో పిలిస్తే వస్తున్నా అన్నట్టు. "ఒక ప్లగ్గు పోయింది. మార్చాలి. మేస్త్రి గారూ, ముందున్న లంగరు వేసెయ్యండి, తాడు మామయ్య చేతికివ్వండి." లంగరు నీళ్లలో పడిన చప్పుడు, తాడు చెక్క మీద గీసుకుంటూ పోవడం, ఆ తర్వాత తడి తాడు ఆయన అరచేతుల్లోకి వచ్చింది. నర్సమ్మ గొంతు దగ్గరగా వినిపించింది, ఆయన వైపు తిరిగి మాట్లాడుతోంది. "సరంగు గారూ, మీరైనా చెప్పండి. అక్కడ ఆ పిల్ల ఎలా ఉందో. మెల్లగానైనా పోవచ్చుగా, నడుస్తున్నదాన్ని ఆపేస్తే ఎలా?" బట్టలమూట ఆవిడ కూడా ఏదో గొణుగుతోంది. అందరి ముఖాలూ తన వైపు తిరిగాయని ఆయనకు తెలిసింది. చూపు లేకపోయినా చూపులు తెలుస్తాయి, ఎండలా ముఖం మీద తగులుతాయి.

తనైతే ఆపేవాడా? ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో గానీ వచ్చేసింది. మొగకు ఇంత పైన, పాటులో, బస్తాల బరువుతో, నడుస్తున్న మోటారుని చేత్తో ఆపగలిగేవాడా? ఒక్క సిలిండరు మీద పోతూ ఉంటే పోతున్నామన్న భ్రమ ఉంటుంది, ఆ భ్రమను పట్టుకుని మొగ దాకా జారిపోయిన మంచి మంచి సరంగులు ఆయనకు తెలుసు. వాళ్లలో ఒకరు తన పెదనాన్న. చేతిలో పలుకుతున్న మోటారు ఉన్నంతసేపూ దాన్ని వదలడం కష్టం. దాన్ని ఆపి, నిశ్శబ్దాన్ని నెత్తిన వేసుకుని, చేతులతో పని మొదలుపెట్టాలంటే ఆ చేతుల మీద ఎంత నమ్మకం ఉండాలి. ఛాతీలో ఏదో వెచ్చగా పైకి లేచింది. భయం కూడా ఉంది, దాని పక్కనే ఇది ఉంది, ఇదే పెద్దది. "బోటు నడిపేది ఆమె నర్సమ్మా" అన్నాడు. "ఆమె ఆపిందంటే ఆపాలి. కూర్చోండి, బోటు ఊగకుండా ఉంటే ఆమెకు పని తొందరగా అవుతుంది." నర్సమ్మ కూర్చుంది. మేస్త్రి కూడా.

"మామయ్యా, మొగ ఎంత దూరం?" "నీ పని చూసుకో. దగ్గరైతే నేను చెప్తాను." "చెప్పాలి మరి. నేను కంగారుపడతానని దాచకూడదు." "దాచను."

మూత క్లిప్పులు టక్కుమన్నాయి. వేడెక్కిన మోటారు వాసన గాలిలో వచ్చింది. ఇక ఆమె చేతులు ఎక్కడెక్కడ ఉన్నాయో ఆయన చూడగలడు, కళ్లున్న రోజుల్లో కంటే బాగా. ఇదే మోటారుని పెరట్లో దుప్పటి మీద విప్పిన రోజు ఉంది. చూపు పూర్తిగా పోయాక బోటు ఒడ్డున బోర్లా పడి ఉండేది, కొనేవాడు వచ్చి కూర్చున్నాడు, కొడుకు టీ తెచ్చి ఇస్తున్నాడు, మాట ఒప్పుకునే క్షణంలో కోడలు వచ్చి, "మామయ్యా, ఇదెలా నడుస్తుందో ఒకసారి విప్పి చూపించండి" అంది. "కళ్లు లేనివాణ్ణి, నేనేం చూపిస్తానమ్మా" అంటే, "మీ చేతులకు తెలుసుగా. మీరు ముట్టుకుంటూ పొండి, నేను చూస్తాను" అంది. కొనేవాడు టీ తాగి వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నమంతా ఆయన వేళ్లు ఒక్కో భాగాన్నీ తడిమాయి, ఆమె ఒక్కో దాన్నీ చొక్కా కత్తిరించిన ముక్కల్లాగా వరుసగా దుప్పటి మీద పేర్చింది, చేతులు, కాలరు, జేబు. మర్నాడు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని తనే బిగించింది. ఒక్క వాషరు మిగల్లేదు. మొదటిసారి బిగించినప్పుడు ఆయనకు మూడు మిగిలాయి, ఆ మాట ఇప్పటివరకూ ఎవరికీ చెప్పలేదు, చెబితే తను తక్కువైపోతాడని కాదు, నవ్వుతుందని. నవ్వితే నవ్వనీ, ఇంటికెళ్లాక చెప్పాలి.

ప్లగ్గు మీది క్యాపు ఊడిన చిన్న చప్పుడు. తడిగుడ్డ వేడి ఇనుము మీద చుయ్యిమంది. స్పానరు పడింది, ఒక మొరాయింపు, తర్వాత ఒప్పుకుంది, చుట్టూ చుట్టూ చుట్టూ. "కాస్త పట్టుకోండి" అంటూ గుడ్డలో చుట్టిన ప్లగ్గు ఆయన ఒళ్లో పెట్టింది. తాడు ఒక చేతిలోకి మార్చుకుని బొటనవేలితో కొసను తాకాడు. జిగురుగా తడి, పచ్చి పెట్రోలు, మసి. నిప్పురవ్వ దూకాల్సిన సందు మసితో పూడిపోయి ఉంది. తన ప్లగ్గే. తన నంబరే. ఆయన మోకాళ్ల మీద రేకు డబ్బా ఉంది, అందులో అదే నంబరువి కొత్తవి, కాగితం విప్పనివి ఉన్నాయి. ఏ ప్రయాణానికైనా ఆ డబ్బా లేకుండా ఆయన బోటు ఎక్కడు. మూత మీద చిటికెన వేలు ఆనించి ఉంచాడు, అడిగితే తీద్దామని. ఆమె అడగలేదు. ఆమె నడుముకి కట్టుకున్న గుడ్డ సంచీ జిప్పు తెరుచుకుంది, ఒకప్పుడు బాబిన్లూ గుండీలూ ఉండేవి అందులో. చిన్న అట్టపెట్టె చిరిగిన చప్పుడు. ఆయనకు చెప్పలేదు, నొచ్చుకుంటాడేమోనని వెనకాడలేదు, పక్కనే ఉన్న డబ్బాకేసి చెయ్యి కూడా చాపలేదు. ఏది పెట్టాలో రెండో ఆలోచన లేకుండా తనే ఎంచుకుంది. డబ్బా మీది వేలు తీసేశాడు. ఎంత హాయిగా ఉందో ఆ తీసెయ్యడం. పెళ్లయిన కొత్తలో భార్యను తొలిసారి బోటులో ఎక్కించుకుని సముద్రం చూపించిన నాడు కూడా ఇంత గొప్పగా అనిపించలేదు, ఆవిడ ఉంటే ఈ మాటకు మూతి తిప్పుకునేది.

తాడు చేతిలో గరగరలాడింది. లంగరు ఇసుకలో పట్టు దొరక్క గీసుకుంటూ వస్తోంది. కాస్త ఆగుతుంది, మళ్లీ గీసుకుంటుంది. మొగ హోరు ఇప్పుడు ఒకటిగా లేదు, ఒక్కో అల విడిగా వినిపిస్తోంది, లేవడం, విరగడం. మేస్త్రికీ వినిపించింది కాబోలు, "బిగించెయ్యమ్మా, ఇంకా ఏం చూస్తున్నావు దాన్ని?" అన్నాడు. "బస్తాలు నీళ్లలో పారేస్తే?" అంది నర్సమ్మ. "అవి నావి కావండీ" అన్నాడు మేస్త్రి, ప్రాణం మాత్రం తనదేనన్న సంగతి గుర్తురాక. కోడలు తన పనిలోనే ఉంది. కుట్టేటప్పుడూ అంతే, మిషను ముందు కూర్చుంటే ఇల్లు కూలినా పలకదు. సందు కొలిచే రేకు ప్లగ్గు కొసలోకి దూరుతూ గీసుకున్న సన్నటి చప్పుడు ఆయనకు వినపడింది. తీసింది. ప్లగ్గు కొసను దేనికో మెల్లగా తట్టింది, మళ్లీ దూర్చింది. పెట్టెలో నుంచి వచ్చిన కొత్త ప్లగ్గు సందు సరిగ్గానే ఉంటుందనుకుని బిగించేవాళ్లే లోకమంతా. తర్వాత ప్లగ్గు లేకుండానే మోటారు స్టార్టు తాడు ఖాళీగా లాగింది, లోపల పేరుకున్న పెట్రోలు ఉఫ్ మని బయటికి చిమ్మింది, వాసన గుప్పుమంది. అది కూడా మరిచిపోలేదు. ఆ తర్వాత రబ్బరు ట్యూబు ముక్క. ప్లగ్గు వెనక్కి ట్యూబు తగిలించి, ట్యూబుని వేళ్లతో తిప్పుతూ మరలోకి ఎక్కిస్తుంది, మర వంకరగా పడితే ట్యూబే జారుతుంది తప్ప సిలిండరు పాడవదు. బోటు ఊగేటప్పుడు అంతకంటే మంచి పద్ధతి లేదు. అది ఆయన నేర్పింది కాదు. ఆమె కనిపెట్టింది. ఒడ్డు మీద ఇప్పుడు అందరూ అలాగే ఎక్కిస్తున్నారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పకుండా.

"అమ్మా" అన్నాడు. మాట ఇచ్చాడు కదా. "అల విరిగాక నీళ్లు వెనక్కి గుంజుకునే చప్పుడు కూడా వస్తోంది." అంటే ఎంత దగ్గరో ఆమెకు తెలుసు. "ఇంక రెండు చుట్లే మామయ్యా" అంది. గొంతు మారలేదు. ట్యూబు ఊడింది. స్పానరు పడింది, ఆగేదాకా ఒకసారి, ఆ పైన ఒక్క చిన్న ఒత్తు, ఎక్కువ కాదు. క్యాపు కూర్చుంది. తాడు లాగింది. ఏమీ లేదు. ఒక అల బోటు పక్కను ఎత్తి వదిలింది, బట్టలమూట ఆవిడ ఆయన భుజం గట్టిగా పట్టుకుంది. రెండోసారి. దగ్గి ఊరుకుంది. మూడోసారి వెంటనే లాగలేదు ఆమె. ఆగింది. ఆ ఆగడం ఆయన ఒళ్లంతా విన్నాడు. పెట్రోలు ఎక్కువైంది, గాలి వదిలే మీట తిప్పుతోంది, అవును, అదే, తిప్పు, ఇప్పుడు, అని నోరు తెరవకుండా అనుకున్నాడు. లాగింది.

రెండూ పలికాయి. అరికాళ్ల కింద చెక్క ఒకే వణుకుగా నిండింది, మోకాళ్ల దాకా, వెన్ను దాకా. "లంగరు" అంది కోడలు. మేస్త్రీ ఆయనా కలిసి తాడు లాగుతుంటే ఇసుక వాసన వేసింది. బోటు ముక్కు తిరిగింది, కుడి చెవిలో ఉన్న హోరు మెడ వెనక్కి వచ్చింది, అక్కడి నుంచి పల్చబడటం మొదలుపెట్టింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మేస్త్రి మాత్రం కాసేపటికి, తనలో తను అనుకున్నట్టు, "మా ఇంట్లో పంపు మోటారు కూడా ఇలాగే తడబడుతోంది" అన్నాడు. "తీసుకురండి, చూస్తాను" అంది కోడలు.

లంక రేవులో నర్సమ్మ బోటు పూర్తిగా ఆనకముందే మెట్టు మీదికి దూకింది. రెండు మెట్లెక్కి ఆగింది. "తిరిగి వెళ్లేటప్పుడు కూడా నువ్వే రావాలి అమ్మాయ్. ఏ వేళైనా సరే, ఇంకెవరి బోటూ ఎక్కను" అని, పరుగు లాంటి నడకతో వెళ్లిపోయింది. ఆ ఇంట్లో చీకటిపడే లోపల ఆడపిల్ల పుట్టిందనీ, తల్లికి కాస్త కష్టమైనా ఇద్దరూ బాగున్నారనీ ఆ తర్వాత నర్సమ్మే చెప్పింది. అప్పటికి మాత్రం వాళ్లిద్దరికీ ఏమీ తెలియదు. బస్తాలు దిగాయి, బట్టలమూట దిగింది, తేలికైన బోటు రేవు నుంచి వెనక్కి జరిగింది. పాటు అయిపోవచ్చింది, నీళ్లు నిలకడగా ఉన్నాయి, ఏరు మీద వాళ్ల మోటారు తప్ప వేరే చప్పుడు లేదు. "పందెం నువ్వు గెలిచావు" అందామనుకున్నాడు, కానీ ఆ మాట చాలా చిన్నదిగా తోచింది, నోట్లోనే ఉంచుకున్నాడు. ఒడ్డున అడిగేవాళ్లు అడుగుతారు, ఏం జరిగిందని. మొగ మీద మోటారు ఆపేసి ప్లగ్గు మార్చింది మా కోడలు, అని చెప్పాలి. గొంతు పెంచకుండా చెప్పాలి. మామూలుగా చెబితేనే బాగుంటుంది. లోపల రెండుసార్లు అనుకుని చూసుకున్నాడు, రెండుసార్లూ గొంతు పెరిగింది.

"మామయ్యా" అంది. "ఇలా రండి, కాసేపు పిడి పట్టుకోండి."

"నేనా?"

"నా చేతులు వణుకుతున్నాయి. ఇందాక వణకలేదు. ఇప్పుడు ఆగట్లేదు."

చెక్క తడుముకుంటూ వెనక్కి వెళ్లాడు. ఆమె చేతులు ఆయన చేతిని అందుకుని పిడి మీద పెట్టాయి. నిజమే, జ్వరం వచ్చిన పిల్ల చేతుల్లా వణుకుతున్నాయి. కొంచెంసేపు వాటిని అలాగే తన చేతి కింద ఉంచుకుని వదిలాడు. మోటారు పిడి ఆయన అరచేతిలో నిండుగా, వెచ్చగా ఉంది, ఎన్నేళ్లయిందో దాన్ని పట్టుకుని. ఆమె ఎదురుగా కూర్చుని నీళ్ల సీసా మూత తిప్పింది, గుక్క తర్వాత గుక్క తాగింది, ముఖం మీద చల్లుకుంది. ఒకసారి గట్టిగా ఊపిరి వదిలింది. అది ఏడుపో నవ్వో ఆయన తేల్చుకోలేదు.

"ఎటు పోతున్నాం అమ్మా?"

"ఇంటి వైపే. కొంచెం ఎడమకి తిప్పండి."

తిప్పాడు.

"ఇంకొంచెం. ఆఁ, అంతే. అలాగే ఉంచండి" అంది కోడలు.